రేపటి ఆకు

ఆ పరీక్షకు మూలం భూదేవే. ఆమెను ఎవరూ వేలెత్తి చూపలేదు. అసలు ఆ సంగతి చాలామందికి తెలియనే తెలియదు. కానీ ఆమెకు తెలుసు.

మార్చి నెలలో ఒకరోజు పొద్దున, మగ్గాలకు నూలు బీములు ఎక్కించే మనిషి ఒకడు ఆమె పోసిన కషాయం గుటగుటా తాగేసి, "ఏందక్కా, ఇయ్యాల ఉత్త వేడినీళ్లే పోసినవా?" అని నవ్వాడు. ఆ రోజు గంజులో నిమ్మగడ్డి ఘాటు గేటు దాకా కొడుతోంది. వీడికి ఒంట్లో బాగాలేదేమో, ఎవరికైనా చూపిస్తారేమో అనుకుని ఆ మాట పనివాళ్లను చూసుకునే మెహతాజీ చెవిన వేసింది. చూపించడం మాట దేవుడెరుగు, మెహతాజీ ఠాకోర్‌భాయ్ వాణ్ణి ఆ నిమిషమే గేటు బయటికి పంపేశాడు. మూడో రోజు వాడికి కరోనా అని తేలింది. ఠాకోర్‌భాయ్‌కి ఆ ఉపాయం బాగా నచ్చింది.

నచ్చడానికి కారణం ఉంది. కూడలి దగ్గర డేరా వేసుకుని ముక్కులో పుల్ల పెట్టి చూసేవాళ్లు ఉన్నారు. వాళ్ల దగ్గరికి పనివాణ్ణి పంపితే ఒక కాగితం పుడుతుంది. అలాంటి కాగితాలు నాలుగు పుడితే ఖాతాకు సీలు పడుతుంది. ఖాతా అంటే సూరత్‌లో మగ్గాల షెడ్డు. పెళ్లిళ్ల ఆర్డరు నెత్తి మీద ఉన్న రోజుల్లో, తొంభై ఆరు మగ్గాలకు తాళం పడితే శేఠ్ ఊరుకోడు. కషాయానికైతే కాగితం లేదు.

అప్పటినుంచి గేటు దగ్గర ఆనవాయితీ మారిపోయింది. అంతకు ముందు కషాయం ఆరోగ్యానికి. ఇప్పుడు లోపలికి పోవడానికి. రోజుకొక ఆకు పైన పడుతుంది. అది ఏ ఆకో ముందురోజు సాయంత్రం ఠాకోర్‌భాయ్ ఒక్క భూదేవికే చెబుతాడు. పొద్దున ఏడింటికి నేతగాళ్లు వరుసలో వచ్చి, మాస్కు గడ్డం కిందికి లాగి, గ్లాసెడు తాగి, వెనకవాళ్లకు వినపడకుండా ఆకు పేరు చెప్పాలి. చెప్పినవాడు లోపలికి. చెప్పలేనివాడు ఇంటికి. "పద్నాలుగు రోజులు ఆరామ్ చెయ్ భాయ్, తర్వాత రా" అంటాడు ఠాకోర్‌భాయ్, భుజం తట్టినంత మెత్తగా. పద్నాలుగు రోజుల తర్వాత ఆ మగ్గాల ముందు ఇంకొకడు నిలబడి ఉంటాడని అందరికీ తెలుసు. అలా ఏప్రిల్ మొదటివారానికి ఐదుగురు ఇళ్లకు పోయారు.

ఆరింటికి కర్ఫ్యూ ఎత్తేయగానే భూదేవి ఖాతాకు చేరుకునేది. పెరట్లో, కండెలు చుట్టే గది పక్కన గ్యాస్ పొయ్యి. రాత్రంతా నానిన తిప్పతీగ కాడలు తీసి, పైన కాగితంలా ఊడివచ్చే పొరను గోటితో గీరేసి, రోట్లో నాలుగు దెబ్బలు వేసేది. కాడ బొటనవేలంత లావుండాలి, లేతదాంట్లో పస ఉండదు. సొంఠి, మిరియాలు, దాల్చినచెక్క బరకగా దంచి, బెల్లంతో పాటు గంజులో వేసి, నీళ్లు మూడో వంతు ఇగిరేదాకా మరిగించేది. పైన వేసే ఆకు మాత్రం మరగకూడదు. మరిగితే వాసన గాలిలో కలిసిపోతుంది. పొయ్యి కట్టేశాక ఆకును అరచేతుల్లో నలిపి వేసి, మూత పెట్టి, మూత మీద బరువు ఉంచాలి. ఆ తర్వాత గుడ్డతో వడకడితే ఏ ఆకు పడిందో కంటికి తెలియదు. ముక్కుకు, నాలుకకు తెలియాలి.

ఆఖర్న ఒక చెంచాడు తాను రుచి చూసేది. కారం, చేదు, తీపి, ఆకు, అన్నీ తెలిసేవి. నాలుకకు తెలిసేవి, అంతే. పోయిన జూలైలో భర్త బిక్షపతి ఆసుపత్రిలో పోయాడని ఫోనులో విన్నప్పటి నుంచి ఆమెకు ఏ సంగతీ నాలుక దాటి లోపలికి పోవడం లేదు. ఏడుద్దామని ఒకటి రెండు సార్లు కూర్చుంది కూడా. రాలేదు. లేచి అన్నం వండుకుంది.

ఆ సోమవారం సాయంత్రం "కల్ అజ్మా" అన్నాడు ఠాకోర్‌భాయ్, అంటే రేపు వాము ఆకు. షిఫ్టు దిగి, పర్వత్ పాటియాలో సందు మొదట ఆకులమ్మే ముసలామె బండి దగ్గర ఆగింది భూదేవి. మందపాటి, నూగున్న వాము ఆకులు రెండు కట్టలు తీసుకుని సంచిలో వేస్తుంటే, పక్కన ఎవరో నిలబడి ఆ సంచిలోకే చూస్తున్నారు. పద్మారాణి. ఆగయ్య పెళ్లాం. ఆగయ్య బిక్షపతితో కలిసి ఒకే రైల్లో సూరత్ వచ్చిన మనిషి, ఇప్పుడు అదే ఖాతాలో ఎనిమిది మగ్గాలు చూస్తాడు.

"వదినె, రేపటికి గదేనా?" అంది పద్మారాణి.

"ఏది?"

"గదే. ఆకు."

భూదేవి సంచి మూతి ముడిచి పట్టుకుంది. పద్మారాణి చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"మీ అన్నకు నిన్నటి సంది వాసన కొడ్తలేదు. పొద్దుగాల కూర మాడి పొగలొస్తుంటే ముంగటనే కూసున్నడు, తెల్వలే. జరం లేదు. దగ్గు గూడ జరంతే. నాలుగు దినాలైతే గదే సక్కగైతదంటుండు."

"దవఖానకు తీస్కపోరాదు?"

"తీస్కపోతే తలుపుకు కాయిదం అంటిస్తరు. ఇల్లుగల్లాయన కాయిదం జూస్తే సామాన్లు బయట పెడ్తనని ముందే చెప్పిండు. గిప్పుడు మగ్గాలు గూడ వోతే మేమేడికి వోవాలె?" పద్మారాణి కళ్లనీళ్లు పెట్టుకోలేదు. అడగవలసింది అడిగి, ఊరుకుంది.

భూదేవికి జూలై గుర్తొచ్చింది. తనను ఇంట్లో పెట్టి బయట గొళ్లెం వేశారు. అంబులెన్సు వెనక మోటారుసైకిల్ మీద పోయింది ఆగయ్యే. శ్మశానం గేటు బయట ఒక పగలూ ఒక రాత్రీ నిలబడి, ఎర్రగుడ్డ కట్టిన చిన్న కుండ తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టిందీ ఆగయ్యే. పద్మారాణి ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎక్కువ బరువనిపించింది.

"వాము ఆకు," అంది భూదేవి. "ఎంటనే చెప్పొద్దను. తాగినంక జర ఆగి చెప్పమను."

మంగళవారం పొద్దున ఆగయ్య వరుసలో ఆరోవాడు. గ్లాసు అందుకున్నాడు. ఆమె ముఖం చూడలేదు. తాగి, నాలుక అంగిలికి తట్టి, ఆలోచించినట్టు పైకి చూసి, "వాము" అన్నాడు. ఠాకోర్‌భాయ్ తల ఊపాడు. ఆగయ్య లోపలికి పోతూ ఖాళీ గ్లాసును బల్ల మీద మిగతా వాటికి దూరంగా, ఒక చివరన పెట్టాడు. ఆ పాటి జాగ్రత్త ఉన్న మనిషే. భూదేవి ఆ గ్లాసును విడిగా కడిగింది, వేడినీళ్లతో రెండుసార్లు.

పని మొదలయ్యాక ఆమె కండెల మిషన్ దగ్గర కూర్చునేది. ఖాళీ కండెలకు నూలు ఎక్కించి, డబ్బాల్లో పేర్చి, మగ్గాల మధ్య సందుల్లో తిరుగుతూ ఇచ్చి రావడం ఆమె అసలు పని. ఆగయ్య వరుసకు ఆనుకున్న ఎనిమిది మగ్గాలు ప్రణయ్‌వి. పాతికేళ్లవాడు, వడోద్ నుంచి వస్తాడు. పెళ్లాం హారతికి ఏడో నెల. ఒకడు బయటికి పోతే రెండోవాడు పదహారు మగ్గాలూ చూస్తాడు. ఏ మగ్గం ఆగితే ఆ మగ్గంలో అటూ ఇటూ పోగు నడిపే నాడెను చేతిలోకి తీసుకుంటాడు. కండె అయిపోయిన నాడెలో కొత్త కండె వేసి, పక్కనుండే చిన్న చిల్లుకు, దాని కన్నుకు, నోరు ఆనించి ఒక్క పీల్పు పీలిస్తే పోగు బయటికి వస్తుంది. కొక్కెంతో కూడా లాగొచ్చు. కానీ కొక్కెం వెతికి, కన్నులో పెట్టి, లాగేలోపు పక్కన రెండు మగ్గాలు ఆగుతాయి. అందుకని ఎవరూ కొక్కెం ముట్టరు. సూరత్‌లో నేర్చిన వాడికీ, మన తెలుగు ఊళ్లలో నేర్చి వచ్చిన వాడికీ అదే అలవాటు.

ఆ మధ్యాహ్నం ఆగయ్య నాడెకు నోరు ఆనించడం ఆమె చూసింది. గంట తర్వాత, ఆగయ్య నీళ్లు తాగడానికి పోయినప్పుడు, ప్రణయ్ అదే నాడెను అందుకుని అదే కన్నుకు నోరు ఆనించాడు. ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నదే. ఇప్పుడే కొత్తగా చూసినట్టుంది. డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ప్రణయ్ ఆమెను చూసి, ఏంది అన్నట్టు గడ్డం ఎగరేశాడు. ఏం లేదని చెయ్యి ఊపి వచ్చేసింది.

బుధవారం తులసి. గురువారం నిమ్మగడ్డి. పద్మారాణి అడగకముందే సంచి మూతి తెరిచి చూపించేది. శుక్రవారానికి అడిగేవాళ్లు పద్మారాణితో కలిపి ఐదుగురయ్యారు. ఆకుల బండి దగ్గర ఒకామె, సందు మలుపులో ఒకాయన, ఇంటి గుమ్మంలో ఇద్దరు. అందరికీ వాసన పోయిందని కాదు. ఎందుకైనా మంచిదని కొందరు. రేపు జలుబు చేస్తే ఎట్లా అని కొందరు. ఒకడికి చెప్పి ఒకడికి లేదంటే ఎట్లా కుదురుతుంది? అందరికీ చెప్పేది. ఎవరు ఎందుకు అడుగుతున్నారో ఆరా తీయడం ఆమె మానేసింది. ఆకు పేరు చెప్పడం, కూరగాయల ధర చెప్పినంత మామూలైపోయింది. ఖాతాలో మాత్రం ఒక్కరు కూడా పరీక్ష తప్పడం లేదు. "దేఖా, మన ఉకాళా ఎట్ల పని చేస్తుందో!" అని ఠాకోర్‌భాయ్ కషాయం గంజును చూపించి మురిసిపోయాడు. అతని ఇంట్లో కూడా అదే కాస్తారు. వాళ్ల అమ్మ చెప్పిన లెక్క ప్రకారమే మిరియాలు వేయమంటాడు. మనిషి చెడ్డవాడేం కాదు. మగ్గాలు ఆగకూడదు, అంతే.

శుక్రవారం నాలుగింటికి ఆగయ్య మగ్గం మీదికి ఒరిగాడు. పోగు తెగిందేమో, ముడి వేస్తున్నాడేమో అనుకున్నారు. ఎంతసేపటికీ లేవకపోతే ప్రణయ్ వెళ్లి భుజం పట్టుకున్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట్లాడబోయి, మాటకు కావలసినంత గాలి లేక ఊరుకున్నాడు. నలుగురు కలిసి టెంపోలో పడుకోబెట్టారు. మూడు ఆసుపత్రుల గేట్లు తిరిగితే నాలుగోచోట వరండాలో చోటు దొరికింది. ఆ సాయంత్రం ఆగయ్య ఎనిమిది మగ్గాలు కూడా ప్రణయ్‌కే అప్పజెప్పాడు ఠాకోర్‌భాయ్. "రెండు రోజులు సంభాల్ లే," అన్నాడు.

శనివారం తెల్లవారేసరికి ఆగయ్య లేడు.

పద్మారాణి వాళ్ల వరండా ముందు కొందరు దూరం దూరంగా నిలబడ్డారు. భూదేవి కూడా పోయి నిలబడింది. లోపలికి పోవాలో వద్దో ఎవరికీ తెలియడం లేదు. పద్మారాణి గుమ్మంలోనే కూర్చుని ఉంది. భూదేవిని చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నువ్వు చెప్పవట్టి నాలుగు దినాలు పనికి వోయిండు వదినె," అంది. "నీ రుణం ఉంచుకోను."

తిట్టినా బాగుండేది. ఆమె నిజంగానే కృతజ్ఞతతో అంటోంది. భూదేవి ఏదో అనాలని నోరు తెరిచింది. నేను ఆకు పేరు చెప్పకుంటే నువ్వు దవఖానకు తీస్కపోతుంటివేమో, అనాలి. కానీ పద్మారాణి దవఖానకు తీసుకుపోతానని ఎప్పుడూ అనలేదు. అనమని తాను గట్టిగా అడిగిందీ లేదు. ఆకు పేరు చెప్పింది. ఈ నాలుగు రోజుల్లో చేసింది అదే. తప్పు చేశాననిపించింది. అది కూడా ఎవరి గురించో విన్నట్టు అనిపించింది. ఇంటికి వచ్చి, సంచిలో మిగిలిన నిమ్మగడ్డి వాడిపోతుందని తడిగుడ్డ చుట్టి పెట్టింది.

ఆదివారం సెలవు లేదు. ఆర్డరు ఆలస్యమైందని శేఠ్ సెలవు తీసేశాడు. పొద్దున వరుసలో ప్రణయ్ తాగి, "సోంపు" అన్నాడు. సరిగ్గానే చెప్పాడు. చెప్పిన తర్వాత గ్లాసును బల్ల చివరన, మిగతా వాటికి దూరంగా పెట్టాడు.

భూదేవి ఆ గ్లాసును కూడా విడిగా కడిగింది.

ఆ సాయంత్రం ఠాకోర్‌భాయ్ "కల్ ఫుదీనా" అన్నాడు. ఆమె పుదీనా నాలుగు కట్టలు కొంది. ముసలామె బండి వెనక చీకటి పడుతుండగా హారతి నిలబడి ఉంది. వడోద్ నుంచి అంత దూరం ఈ పరిస్థితిలో ఆటోలో వచ్చిందట. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. కడుపు మీద ఒక చెయ్యి, నడుము మీద ఒక చెయ్యి.

"అత్తమ్మా, ఆయన రావొద్దన్నడు. నేనే వచ్చిన. కల్ ఏ ఆకు?"

"ఇయ్యాలటిది ఎవరు చెప్పిన్రు?"

"వరసల ముందటోడు చెప్పిండంట. రోజూ గట్ల కుదరదు కదా. నాకు మస్త్ టెన్షన్ అయితుంది."

"ఎన్ని రోజులాయె?"

హారతి తల వంచుకుంది. "మొన్నటి సంది. నేను వండినదాంట్ల ఉప్పు లేదన్నడు. నేను తిని చూసిన, ఉప్పుంది. రాత్రి బోర్ల పండుకుంటేనే నిద్ర వడ్తుందంటుండు."

"డేరా కాడికి తీస్కపో బిడ్డా. పుల్ల పెట్టి చూస్తరు. గోలీలిస్తరు."

"చెప్పిన. ఝగడా చేసిన. ఆగయ్య మామ మగ్గాలు గూడ ఇచ్చిన్రు, పదహారు మగ్గాలు, ఇప్పుడు ఎట్ల ఇడిచిపెడ్త అంటడు. డెలివరీ అయినంక చూద్దామంటడు." హారతి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "చెప్పు అత్తమ్మా. అందరికీ చెప్తున్నవంట కదా."

సంచి నిండా పుదీనా. మూతి ముడిచే ఉంది. ఇదివరకు ఎవరికీ చెప్పకముందు ఎంత బరువుందో, ఆ మాట ఇప్పుడు అంత బరువైంది.

"తులసి," అంది భూదేవి.

హారతి ఊపిరి పీల్చుకుంది. వంగి కాళ్లు మొక్కబోతే భూదేవి పట్టుకుని ఆపింది. ఆ పిల్ల ఆటో ఎక్కేదాకా చూసి, ఇంటికి నడిచింది. గుమ్మంలో ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్లకూ తులసనే చెప్పింది. ఒకడికి ఒకటి, ఇంకొకడికి ఒకటి చెబితే పొద్దున వరుసలో తేలిపోతుంది. తప్పు చెప్పినవాళ్లు ఇళ్లకు పోతారు. పోతే తిడతారు. తిట్టనీ. ప్రణయ్ పోతే, డేరా దగ్గరికి పోక తప్పదు. డేరా దగ్గరికి పోతే ఆసుపత్రికి పోతాడు. వాసన తెలిసినవాళ్లు ఎట్లాగూ పుదీనా అనే చెబుతారు, వాళ్లకేం భయం? ఇంతవరకూ ఆలోచించి, తిప్పతీగ నానేసి, పడుకుంది.

సోమవారం పొద్దున పుదీనా మామూలుకన్నా ఒక కట్ట ఎక్కువే నలిపి వేసింది. మూత తీస్తే కళ్లు చల్లబడ్డాయి. చెంచాడు తాగి చూసింది. గొంతు దాకా పుదీనాయే.

ఏడింటికి గేటు తెరిచారు. ఠాకోర్‌భాయ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అతని చేతిలో అతని గ్లాసు. మొదటివాడు తాగాడు, పెదవులు తుడుచుకున్నాడు.

"తులసి."

ఠాకోర్‌భాయ్ తల ఎత్తాడు. తన గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు. పక్కకు నిలబడమని వేలు చూపించాడు. రెండోవాడు తాగాడు.

"తులసి."

మూడోవాడు తులసి. నాలుగోవాడు తులసి. ఐదో మనిషి శివకృష్ణ. గేటు బయట నిలబడి వేరుశనగలు నములుతూ వచ్చినవాడు, గుర్రంలాంటి ఆరోగ్యం, నిన్న భూదేవి గుమ్మంలోకి రానే లేదు. హమ్మయ్య అనుకుంది. అతను గ్లాసు ఎత్తాడు. కళ్లు ఒక్క క్షణం పెద్దవయ్యాయి. పక్కకు నిలబడ్డ నలుగురి వైపు చూశాడు, భూదేవి వైపు చూశాడు.

"తులసి," అన్నాడు.

గ్లాసు అందుకునేటప్పుడు ఆమె అతని చెయ్యి వదల్లేదు. "ఏం వాసనొచ్చింది నీకు?" అని గొణిగింది.

"పుదీన లెక్కనే కొట్టింది పెద్దమ్మా," అన్నాడు అంత నెమ్మదిగానూ. "కానీ నువ్వు తులసని చెప్పినవంట గదా, వరసంత గదే మాట. నా ముక్కుదేముంది, నువ్వు కాసినదానికి నీకంటె నాకు ఎక్వ ఎరుకనా?"

ఆరోవాడు, ఏడోవాడు, ఎనిమిదోవాడు. ప్రణయ్ పదోవాడు. మాస్కు దించితే ముఖం రెండు రోజుల్లో సగమైపోయినట్టుంది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగి, భూదేవిని నమ్మకంగా చూసి, "తులసి" అన్నాడు. ఆ వరుసలో పుదీనా అన్నవాడు ఒక్కడు కూడా లేడు. ముక్కు పోయినవాడెవడో, ముక్కును నమ్మనివాడెవడో, ఇక దేవుడు కూడా విడదీయలేడు.

ఠాకోర్‌భాయ్ లేచి నిలబడ్డాడు. పక్కకు నిలబడ్డ గుంపును చూశాడు. లోపల ఆగి ఉన్న మగ్గాలను చూశాడు. జేబులో ఫోను మోగుతోంది. తీసి చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. భూదేవికి అతని ముఖంలో అంతా కనబడింది. అతనికి తెలుసు. ఫుదీనా అని చెప్పిందీ అతనే, తాగిందీ అతనే. ఇరవై నాలుగు గంటలూ చాయ్‌లో ఫుదీనా వేసుకుని తాగే మనిషి. అతను ఆమె వైపు చూశాడు, అరిచే మనిషిలా కాదు, అలసిపోయిన మనిషిలా.

"హాఁ," అన్నాడు గట్టిగా. "తులసీ. సహీ హై. చలో, సబ్ అందర్."

గుంపు కదిలింది. కొందరు నవ్వుకున్నారు. ప్రణయ్ ఆమె పక్కనుంచి పోతూ, "సల్లగుండు చిన్నమ్మా," అన్నాడు.

గంజులో సగం కషాయం మిగిలే ఉంది. భూదేవి మూత పెట్టింది. గ్లాసులు బకెట్లో వేసింది. చేతులు తుడుచుకుని, లోపలికి వచ్చి, కండెల మిషన్ దగ్గర కూర్చుంది. మగ్గాలు ఒక్కొక్కటే అందుకున్నాయి. పది నిమిషాల్లో నేల అదరడం మొదలైంది. ఆ చప్పుడులో చెవి దగ్గర అరిచినా వినపడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు.

కండెల డబ్బా తీసుకుని మూడో వరుసలోకి పోయింది. ప్రణయ్ ఒక మగ్గం దగ్గర వంగి ఉన్నాడు. నాడెలో కండె వేశాడు. కన్నుకు నోరు ఆనించి పీల్చాడు. పోగు రాలేదు. మళ్లీ పీల్చాడు. రాలేదు. ఒక్క పీల్పుకు కావలసిన గాలి కూడా వాడి దగ్గర లేదు. నాడెను రొమ్ముకు ఆనించుకుని, బీము మీద చెయ్యి పెట్టి వంగాడు. వీపు ఎగిరెగిరి పడింది. నోరు తెరుచుకుంది, మూసుకుంది. వాడి చప్పుడేం వినపడలేదు. పక్క సందులో ఇంకొకడి భుజాలు అలాగే ఎగిరిపడ్డాయి. అటు గోడ వైపు ఇంకొకడు మోచేతిలో ముఖం దాచుకుని వంగి ఉన్నాడు. ఇన్నాళ్లూ తాను ఆ సందుల్లో తిరుగుతూనే ఉంది. వంగినవాళ్లను చూస్తూనే ఉంది. తెగిన పోగు ముడి వేస్తున్నారనుకుంది.

డబ్బా నేల మీద పెట్టింది. నిదానంగానే నడిచింది. తలుపు పక్క గోడకు మెయిన్ స్విచ్చు పెట్టె ఉంది. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. దాన్ని ముట్టుకునేది మెకానిక్ ఒక్కడే. చెయ్యి ఎత్తి, ఇనప పిడిని పట్టుకుని, కిందికి లాగింది.

మగ్గాలు ఒక్కసారిగా ఆగలేదు. ఊపు కొద్దీ రెండు మూడు దెబ్బలు కొట్టి, ఒకదాని తర్వాత ఒకటి నిలబడ్డాయి. ఆ తర్వాత దగ్గు వినపడింది.

మొదట మూడో వరుసలో. అది ప్రణయ్‌ది. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, పొడిగా, ఊపిరి తీసుకునే సందు లేకుండా. తర్వాత గోడ వైపు. తర్వాత వెనకాల, ఇద్దరు ఒకేసారి. ఏ మూల చూసినా ఎవడో ఒకడు. మగ్గాల చప్పుడు కింద దాచుకున్నదంతా షెడ్డు నిండా పరుచుకుంది. దగ్గు లేనివాళ్లు కదలకుండా నిలబడి, పక్కవాణ్ణి చూస్తున్నారు. శివకృష్ణ మాస్కు పైకి లాక్కున్నాడు.

ఠాకోర్‌భాయ్ ఆఫీసు గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "లైట్ గయీ క్యా?" అంటూ వచ్చి, స్విచ్చు మీద భూదేవి చెయ్యి చూసి ఆగిపోయాడు.

"చాలూ కరో, బెన్," అన్నాడు, మళ్లీ నడిపించమని. "చాలూ..."

మాట పూర్తి కాలేదు. అతనికీ వినపడుతోంది. గుమ్మంలో నిలబడి, ఒక్కొక్క దగ్గు వచ్చిన వైపల్లా తల తిప్పుతున్నాడు. అతని చెయ్యి మెల్లగా జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

ప్రణయ్ నాడెను మగ్గం మీద పెట్టాడు. మగ్గం పట్టుకుని, తర్వాత పక్క మగ్గం పట్టుకుని, సందులోంచి తలుపు వైపు నడిచి వచ్చాడు. భూదేవి ముందు ఒక్క క్షణం ఆగాడు. "తులసి కాదా చిన్నమ్మా?" అని అడిగాడు.

"కాదు బిడ్డా."

వాడు తల ఊపాడు. కోపం తెచ్చుకోవడానికి కూడా వాడికి శక్తి లేదు. గేటు వైపు నడిచాడు. వాడి వెనక ఇంకొకడు బయల్దేరాడు, ఇంకొకడు. శివకృష్ణ దూరం నుంచే, "ఆగు ప్రణయ్, డేరా దాకా నేనొస్త," అని అరిచాడు.

"బెన్, ఖాతాకు సీలు పడుతుంది," అన్నాడు ఠాకోర్‌భాయ్ రుమాలు లోంచి. "నీ పని గూడ పోతది. ఎంతమంది ఇళ్లు..."

నిజమే. పోతుంది. రేపు ఆకుల బండి దగ్గర తనను ఎంతమంది తిడతారో, ఎంతమంది ఇళ్ల ముందు సామాన్లు పడతాయో, హారతి తన ముఖం చూస్తుందో లేదో భూదేవికి తెలియదు. గుండెలు దడదడలాడుతున్నాయి. ఇదేంటా అని ఒక్క క్షణం పోల్చుకోలేకపోయింది. భయం. తొమ్మిది నెలల తర్వాత ఆమెకు భయం వేసింది. ప్రణయ్ గేటు దాటి రోడ్డెక్కేదాకా ఆమె పిడి మీద నుంచి చెయ్యి తీయలేదు.